తహూరా ఎడమ చెయ్యి

తహూరా తన ముప్పై ఆరేళ్ల బతుకులో చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే ఆడింది. అదీ రెండే మాటలు. సిద్దిపేటకు ఆనుకుని, కరీంనగర్ పోయే రోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు బడిలో, కరస్పాండెంటు అరుణ్‌కుమార్ బల్లకు ఇవతల కూర్చుని ఆడింది.

జనవరి మొదటి వారం అది. కీబోర్డు వాయించే సంగీతం టీచరు కావాలని ఆ బడివాళ్లు పెట్టిన ప్రకటనను పక్కింటామె ఫోనులో చూపించింది. టీచర్ల పిల్లలకు ఫీజు ఉండదని కింద రాసి ఉంది. తహూరాను అక్కడిదాకా నడిపించింది ఆ చివరి ముక్కే. ఆమె భర్త ముజీబ్ ఫాల్‌సీలింగ్ పనివాడు. పది నెలల కింద ఒక ఫంక్షన్ హాల్లో పని చేస్తూ పరంజా మీద నుంచి పడ్డాడు. నడుము ఎముక చిట్లింది. ఇప్పుడు గోడ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేయగలడు, అంతే. తహూరా చీరలకు ఫాల్స్ కుట్టి, పికో చేసి ఇల్లు నెట్టుకొస్తోంది. ఏడో తరగతి చదువుతున్న కూతురు అర్షీన్‌ను ఫీజు కట్టలేదని పాత బడిలో రెండుసార్లు క్లాసు బయట నిలబెట్టారు. రెండోసారి నిలబెట్టిన రోజు ఆ పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

కీబోర్డును తహూరా ఎన్నడూ ముట్టి ఎరగదు. హార్మోనియం మాత్రం వచ్చు. ఆమె తండ్రి అహ్మద్ ఒక ఖవ్వాలీ పార్టీలో హార్మోనియం వాయించేవాడు. దర్గా ఉర్సులకూ పెళ్లిళ్లకూ పోని రోజుల్లో ఇంట్లో సాధన చేస్తుంటే చిన్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆయన పోయాక హార్మోనియం పెట్టె పార్టీవాళ్లది కనక పార్టీవాళ్లే తీసుకుపోయారు. అయినా వేళ్లు మరిచిపోలేదు. అరుణ్‌కుమార్ ముందు కుడిచేత్తో ఒక పాత ఖవ్వాలీ వరస వాయిస్తే, ఆయన ఫోను పక్కన పెట్టి విన్నాడు.

"మస్తుగ వాయించిన్రు మేడం. కార్డ్స్ వస్తయా?"

కార్డ్స్ అనగానే తహూరాకు తన సంచిలో ఉన్న ఆధార్ కార్డూ రేషన్ కార్డూ గుర్తుకొచ్చాయి. సంచిలో చెయ్యి కూడా పెట్టింది. అప్పుడాయన బల్ల మీద మూడు వేళ్లు ఒక్కసారే నొక్కి చూపించాడు. "గిట్ల, ఎడమ చెయ్యితోని. వచ్చే నెల యాన్యువల్ డే ఉంది. నలభై మంది పిల్లలతోని పాట. వెనకాల నిండుగ మోగాలె."

సంచిలో చెయ్యి సంచిలోనే ఉంది. బయట క్లాసులో ఎవరో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"వస్తయి సర్," అంది తహూరా.

మరునాడే అర్షీన్‌కు ఆ బడి యూనిఫాం ఇచ్చారు.

మూడు వారాలు ఉన్నాయి కదా, నేర్చుకుందాం అనుకుంది. మధ్యాహ్నం అన్నం టైములో స్టాఫ్‌రూం మూలన కూర్చుని ఫోనులో వీడియోలు చూసేది. అందులో మాట్లాడే కుర్రవాడు రూటు, థర్డు, ఫిఫ్తు అంటూ గబగబా పోతాడు. నాలుగుసార్లు చూసినా ఒక్క ముక్క తలకెక్కలేదు. మూడో రోజు ఫోనే బిగుసుకుపోయింది. సాయంత్రం బడి వదలగానే పాత బస్టాండు దగ్గర జోయల్ షాపుకు తీసుకెళ్లింది.

జోయల్ నలభై ఐదేళ్ల మనిషి. వారమంతా మొబైళ్లూ మిక్సీలూ బాగు చేస్తాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఫోను చేతిలోకి తీసుకుని, తెర మీద ఆగిపోయిన బొమ్మను చూశాడు.

"కార్డ్స్ నేర్చుకుంటున్నవా చెల్లె?"

ఆ మామూలు ప్రశ్నకు తహూరా కళ్లలో నీళ్లు తిరిగాయి. షాపులో ఇంకెవరూ లేరు. జరిగిందంతా చెప్పేసింది, పిల్లల పాట పల్లవి కూడా పాడి వినిపించింది. అంతా విన్నాక జోయల్ పై అర నుంచి ఒక చిన్న పాత కీబోర్డు దించి, గుడ్డతో దుమ్ము తుడిచి, కౌంటరు మీద పెట్టాడు.

"స ఏదో తెలుసు కద?"

"తెలుసన్నా."

"నొక్కు. రి విడిచిపెట్టు. గ నొక్కు. మ విడిచిపెట్టు. ప నొక్కు. మూడూ ఒక్కసారే."

తహూరా వేళ్లు కీబోర్డు మెట్ల మీద ఆగిపోయాయి. చిన్నప్పుడు హార్మోనియం మీద రెండు మెట్లు కలిసి మోగితే తండ్రి ఉంగరం ఉన్న వేలితో కణుపు మీద ఒక్కటి వేసేవాడు. ఒకసారి ఒక్క మాటే మాట్లాడాలె బేటీ అనేవాడు. కళ్లు మూసుకుని మూడూ నొక్కింది. తప్పు మోగుతుందనుకుంది. మోగలేదు. ఆమెకు ముప్పై ఏళ్లుగా తెలిసిన స అదే, కానీ దాని కింద ఎవరో చాప పరిచినట్టు ఉంది.

"గిదే కార్డ్," అన్నాడు జోయల్. "ఒకటి విడిచి ఒకటి. ఏడికెళ్లి మొదలువెట్టినా గంతే. మ, ద, స. గదొకటి. ప, ని, రి. గదొకటి. నీ పాటకు గీ మూడు చాలు."

"మూడే చాలా?"

"లెక్క చూస్కో. ఏడు స్వరాలల్ల ఏది తీసినా గీ మూడిట్ల ఏదో ఒక దాంట్ల ఉంటది. పాట ఏ స్వరం మీద నిలవడ్డదో విను. గది ఏ కార్డ్‌ల ఉంటే గది నొక్కు. స రెండిట్ల ఉంది, ప రెండిట్ల ఉంది. గసొంటి తాన నీ చెవినడుగు. ఇంకొకటి. పాట అయిపోయేముందు ప కార్డ్ కొట్టి ఆగి చూడు."

ఆమె కొట్టి ఆగింది. ఎవరో తనను గడప మీద ఒక కాలు పెట్టించి నిలబెట్టినట్టు అనిపించింది. చెవి అక్కడ ఉండలేకపోయింది. చెప్పకుండానే స కార్డ్ మీదికి వచ్చింది. జోయల్ తల ఊపాడు.

"చెవి ఉంది నీకు. ఇగ చెయ్యి మార్చు. కుడి చెయ్యి పాట వాయిస్తది. కార్డ్స్ ఎడమ చెయ్యి పని."

అక్కడ వచ్చింది చిక్కు. హార్మోనియం వాయించేవాళ్ల ఎడమ చెయ్యి మెట్లను ముట్టదు. వెనక ఉన్న తిత్తిని తెరుస్తూ మూస్తూ గాలి కొట్టడమే దాని పని. తహూరా కుడిచేత్తో పాట ఎత్తుకోగానే ఎడమ చెయ్యి మెట్ల మీద నుంచి దానంతటదే లేచింది. గాల్లో తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. దాన్ని కిందికి తెచ్చి పెట్టింది. పాట మొదలైంది, అది మళ్లీ లేచింది. మూడోసారికి ఆమెకు నవ్వు వచ్చింది, పదోసారికి భయం వేసింది.

ఇంట్లో కీబోర్డు లేదు. కుట్టుమిషను పలక మీద గుడ్డలకు గీతలు గీసే సుద్దతో మెట్లు గీసుకుంది. తెల్లవారి నమాజు అయ్యాక, అర్షీన్ లేచేలోగా, నోటితో పాట సన్నగా అంటూ ఎడమ చేతి మూడు వేళ్లు నొక్కేది. స గ ప. చెయ్యి ఎత్తి జరిపి మ ద స. ఇంకా జరిపి ప ని రి. చప్పుడు రాని ఆ మెట్ల మీద చెయ్యి కాస్త దారికొచ్చినట్టు అనిపించేది. బడిలో అసలు కీబోర్డు మీద పెట్టగానే ఒకో మార్పుకు ఒకో క్షణం వెనకబడేది.

గోడకు ఆనుకుని కూర్చున్న ముజీబ్ ఇదంతా చూస్తూ ఉండేవాడు. ఒకరోజు అననే అన్నాడు.

"నీ అబ్బాజాన్ ఇజ్జత్ గల్ల మనిషి. ఆయన బిడ్డవై అబద్ధంతోని నౌకరీ తెచ్చుకున్నవు."

"మరి ఏం జెయ్యాలె? మీరు చెప్పున్రి, గదే జేస్త."

ముజీబ్ ముఖం అటు తిప్పుకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తహూరాకు ఆ రోజంతా అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

రెండో వారం చివర్లో రిహార్సల్ పెట్టారు. పాట తెలుగు టీచరు సింధుజ రాసింది, వరస కూడా ఆమెదే. మబ్బును పిలిచే పాట. "మబ్బమ్మా మబ్బమ్మా, మా బాట మరిస్తివా" అని పల్లవి. నలభై మంది పిల్లలు మూడు వరసల్లో నిలబడ్డారు. రెండో వరసలో అర్షీన్ ఉంది. పల్లవి ఎట్లాగో గట్టెక్కింది. చెయ్యి మారినప్పుడల్లా ఒక ఖాళీ వచ్చింది కానీ పిల్లల గొంతుల్లో కలిసిపోయింది.

చరణం వచ్చింది. "ఎండిన చెలుక అడిగింది, నోరెండిన లేగ అడిగింది" అని పిల్లలు గొంతు దించారు. అక్కడ గ మామూలు చోటు నుంచి ఒక మెట్టు కిందికి దిగుతుంది. అది తహూరాకు తెలుసు, కుడి చెయ్యి సరిగ్గానే దిగింది. అక్కడ ఎడమ చెయ్యికి తెలిసింది మాత్రం మామూలు స గ ప ఒక్కటే. నొక్కింది. పిల్లల గొంతులో ఉన్న గకూ చేతి కింద ఉన్న గకూ మధ్య ఒకే ఒక్క మెట్టు తేడా. ఆ రెండూ కలిసి పలకరాయి మీద గోరుతో గీకినట్టు మోగాయి. ముందు వరస పిల్ల ఒకతి చెవులు మూసుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. పాట ఆగిపోయింది.

"ఏమైంది మేడం?" అని సింధుజ అడిగింది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

తప్పు మోగుతోందని తహూరా రెండు చెవులూ చెబుతున్నాయి. ఒప్పు ఎట్లా మోగించాలో చేతికి తెలియడం లేదు. తల ఎత్తితే అర్షీన్ కనిపించింది. ఆ పిల్ల తల్లినే చూస్తోంది. తల్లికి వాయించడం రాదని అందరికన్నా ముందు కూతురికే అర్థమైంది.

"కీబోర్డు ఖరాబయింది," అంది తహూరా. "మెట్లు సరిగ పలుకుతలేవు."

మొదటి అబద్ధానికి ఇది తోక. బడి అటెండరు ఇస్తారి కీబోర్డును సంచిలో పెట్టి భుజాన వేసుకున్నాడు. రిజర్వాయరు కింద సొంతూరు వేములఘాట్ మునిగాక ఊరంతటితో పాటు ఇల్లు వదిలి వచ్చిన మనిషి, ఏ పనీ కాదనడు. సిద్దిపేటలో కీబోర్డు బాగు చేసే షాపు ఉన్నది ఒకటే. సాయంత్రం తహూరా పరుగున అక్కడికి చేరేసరికి అది జోయల్ కౌంటరు మీద ఉంది.

"దీనికేం కాలే చెల్లె," అన్నాడు జోయల్.

"తెలుసన్నా. ఏదన్న ఖరాబయిందని చీటీల రాయి. నీ కాళ్లు మొక్కుత."

జోయల్ తన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కౌంటరు మీద పెట్టాడు. "నేర్పుమంటే నేర్పుత. రెండొద్దులు ఇది నా దగ్గరనే ఉంచుకుంట, నువ్వు వచ్చి నేర్చుకో. గాని లేని ఖరాబు ఉన్నదని రాయలేను. తప్పుగ అనుకోకు."

"ఒక్క ముక్క రాస్తె నీదేం వోతది?"

"నాకు పోయేదేందో నాకు ఎరుక చెల్లె."

తహూరా షాపు దిగి వచ్చేసింది. దారిలో జోయల్‌ను మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకుంది. ఇంటికి చేరేసరికి తిట్లు అయిపోయాయి, భయం మాత్రం మిగిలింది. చీటీ వస్తుంది. అరుణ్‌కుమార్ చదువుతాడు. అర్షీన్ ఒంటి మీద యూనిఫాం విప్పించి, మళ్లీ ఏ క్లాసు బయట నిలబెట్టాలి?

మరునాడు పొద్దున మిషను ముందు కూర్చుంది. పలక మీద సుద్ద మెట్లు చెరిగిపోయి ఉన్నాయి. మళ్లీ గీయలేదు. ఎడమ చేతి నడిమి వేలు తీసుకుపోయి సూది కింద పెట్టింది. వేలికి కట్టు ఉంటే ఎవరూ వాయించమనరు. ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగం ఉంటుంది, పిల్ల బడిలో ఉంటుంది. కాలు పెడలు మీద పెట్టింది. సూది మొన గోరుకు తగులుతోంది. కాలు ఒక్కసారి కదిపితే చాలు.

"తహూరా," అని పిలిచాడు ముజీబ్. "దాహమైతుంది."

లేచి నీళ్లు ఇచ్చింది. ముజీబ్ గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు. తాగలేదు. ఆమె వేలు పట్టుకుని తిప్పి చూసి వదిలేశాడు.

ఆ సాయంత్రం ఆమె మళ్లీ జోయల్ షాపుకు వెళ్లింది. నిన్నటి మాట ఇద్దరూ ఎత్తలేదు. జోయల్ బడి కీబోర్డు తీసి ముందర పెట్టాడు.

"చరణం పాడు."

పాడింది. అతను ఆమె ఎడమ చేతి వేళ్లను స గ ప మీద పెట్టించాడు. "నల్లవి తెల్లవి అన్నీ కలిపి లెక్కవెట్టు. స కాడికెళ్లి గ కాడికి ఎన్నడుగులు?"

"నాలుగు."

"గ కాడికెళ్లి ప కాడికి?"

"మూడు."

"గీన్నె మేజర్ అంటరు. ఇగ అటుది ఇటుది కదపకు. నడిమి వేలు ఒక్కటే ఒక్కడుగు ఎనుకకు, నల్లదాని మీదికి తే. ఇప్పుడు ముందల మూడు, ఎనుక నాలుగు. నొక్కు."

నొక్కింది. స అదే, ప అదే. కానీ పండుగ జరుగుతున్న ఇంట్లో ఎవరో ఒకరు లేరని అప్పుడే గుర్తొచ్చినట్టు మోగింది. తహూరా చాలాసేపు వేళ్లు తియ్యలేదు.

"గిది మైనర్. నీ చరణం గిదే అడిగింది. సంతోషమా దుఃఖమా చెప్పేది నడిమి మెట్టే. అది తీసేసి ఒట్టి స ప కొట్టి చూడు, ఎటూ తెల్వది."

తర్వాత చెయ్యి ఆలస్యం కావడం గురించి అడిగింది. జోయల్ నవ్వాడు. ప్రతిసారీ చెయ్యి ఎత్తి దూకాల్సిన పని లేదన్నాడు. మ ద స అన్నా, స మ ద అన్నా కార్డ్ అదే. మనుషులు వాళ్లే, కూర్చున్న వరస మారింది, అంతే. స గ ప నుంచి స అక్కడే ఉంచి, మిగతా రెండు వేళ్లూ కొంచెం పైకి జరిపితే మ కార్డ్ అయిపోతుంది. ప అక్కడే ఉంచి, తక్కిన రెండూ కొంచెం కిందికి జరిపితే కింది ని, రి, ప. అదే ప కార్డ్. చెయ్యి చోటు కదలదు. ఆ సాయంత్రం మొదటిసారి తహూరా ఎడమ చెయ్యి మెట్లను వదిలి గాల్లోకి లేవలేదు. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. తడబడుతూనే చివరిదాకా వెళ్లింది.

మరునాడు పొద్దున ఇస్తారి కీబోర్డునూ చీటీనీ తెచ్చి ఆఫీసులో ఇచ్చాడు. చూశాము, ఏ లోపమూ లేదు అని అందులో రాసి ఉంది. మొదటి పీరియడ్ కాకముందే అరుణ్‌కుమార్ పిలిపించాడు.

"ఏంది మేడం ఇది?"

తహూరా దారి పొడుగునా నాలుగైదు జవాబులు తయారు చేసుకుంది. వాటిలో ఒక్కటీ వాడలేదు. "లోపం నాది సర్. కార్డ్స్ రాకున్నా వస్తయని చెప్పిన. మూడు వారాల్ల నేర్చుకోవచ్చనుకున్న."

"నేర్చుకున్నవా?"

"సగం వచ్చినయి. ఇంకో వారం ఉంది సర్, ఒక్కసారి విని చూడున్రి."

"గన్ని వందల మంది ముందట నేర్చుకుంటవా? ఆహ్వాన పత్రికలు పంచినం. హైదరాబాద్‌కెళ్లి ముఖ్య అతిథి వస్తుండు." ఆయన కోపంగా లేడు, విసిగిపోయి ఉన్నాడు. కాసేపు పెన్ను తిప్పుతూ ఆలోచించాడు. "స్టూడియోల మ్యూజిక్ ట్రాక్ చేపిస్త. పిల్లలు దాని మీద పాడుతరు. స్టేజీ మీద కీబోర్డు ఉండాలె, కీబోర్డు ముందట మనిషుండాలె. ఫొటోలుంటయి. నువ్వు కూసుని వాయిస్తున్నట్టు చెయ్. స్విచ్ మాత్రం వెయ్యకు."

తహూరాకు ఏడుపు రాలేదు. "పాప?" అంది.

"ముందుగాల ఫంక్షన్ కానియ్."

మిగిలిన వారమంతా ఆమె పొద్దున సుద్ద మెట్ల మీదా, సాయంత్రం జోయల్ షాపులోనూ సాధన చేసింది. ఎందుకు చేస్తోందో ఆమెకే తెలియదు. మానేస్తే మిగిలేది అబద్ధం ఒక్కటే కదా, అది భరించలేకనేమో.

ఫంక్షన్ నాడు బడి ముందు షామియానా వేశారు. పొద్దు గుంకకముందే పిల్లల తల్లిదండ్రులతో కుర్చీలు నిండాయి. తహూరా పెళ్లినాటి ఆకుపచ్చ దుపట్టా కప్పుకుని స్టేజీ ఎడమ చివరన కూర్చుంది. కీబోర్డు వైరు చుట్ట చుట్టి బల్ల కింద పెట్టి ఉంది. పెద్ద స్పీకర్లలో ట్రాక్ మొదలైంది. స్టూడియోవాళ్లు తబలా, వేణువు, ఇంకా ఏవేవో పోసి నింపారు. పిల్లలు ఎత్తుకున్నారు.

ఆమె కుడి చెయ్యి పాట నడిపింది. ఎడమ చెయ్యి స గ ప నొక్కింది, స ఉంచి జరిగింది, ప ఉంచి జరిగింది. ఒక్క తప్పు పోలేదు. చరణంలో నడిమి వేలు నల్ల మెట్టు మీదికి దిగింది, పల్లవికి మళ్లీ ఎక్కింది. ప్లాస్టిక్ మెట్లు టకటకమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆ చప్పుడు కూడా ఆమెకొక్కదానికే వినిపించింది. రెండో వరసలో అర్షీన్ పెదవులు కదులుతున్నాయి కానీ ఆ పిల్ల పాడడం లేదు. చుట్ట చుట్టిన వైరు వైపు చూస్తోంది.

చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి మైకు తీసుకుని, ఇంత నిండైన సంగీతం చిన్న ఊరి బడిలో వింటాననుకోలేదని అన్నాడు. సంగీతం టీచరును ముందుకు రమ్మన్నాడు. తహూరా రాలేదు. రెండోసారి పిలిచాడు. అరుణ్‌కుమార్ కింద నుంచి వెళ్లు వెళ్లు అని చెయ్యి ఊపాడు. వెళ్లి నిలబడింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు. అంతమంది చప్పట్ల మధ్య ఆమెకు ఒక్కటే కోరిక కలిగింది. కాళ్ల కింద స్టేజీ పలకలు విరిగి లోపలికి పోతే బాగుండు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అర్షీన్ ఒక్క మాటే అంది. "అమ్మీ, అందరు నిన్ను మంచిగ వాయించింది అంటున్నరు. నేనేమనాలె?"

ముజీబ్ శాలువా చూశాడు. తహూరా జరిగింది చెప్పింది. అతను గోడ వైపే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"నేను పడ్డ నాడు మేస్త్రి అడిగిండు. పరంజా పలకలు చూసినవా అని. చూసిన అన్న. చూడలే. జల్ది అయిపోవాలని ఎక్కిన. పది నెలలసంది అందరికి మేస్త్రిదే తప్పని చెప్పుకుంట వస్తున్న. నీక్కూడ గదే చెప్పిన." "నిన్ను అబద్ధాలదానివి అన్న. అనడానికి నాకేం హక్కుంది?"

తహూరా అతని పక్కనే నేల మీద కూర్చుంది. అర్షీన్ తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

సోమవారం సంగీతం పీరియడ్‌కు నలభై మందీ వచ్చి కూర్చున్నారు. తహూరా కీబోర్డు బల్ల మీద పెట్టి, వైరు ప్లగ్గులో పెట్టి, స్విచ్ వేసింది. ఎర్ర లైటు వెలిగింది.

"శుక్రవారం ఫంక్షన్ నాడు గీ స్విచ్ ఎయ్యలే," అంది. "మీరు విన్నది స్టూడియోల చేసింది. నేను వాయించలే. వాయిస్తున్నట్టు చేసిన. నౌకరీ కోసం కార్డ్స్ వస్తయని అబద్ధం చెప్పిన, గందుకు గట్లయింది. మీకు చెప్పకుంటె నాకు నిద్ర వడ్తలేదు. ఇప్పుడు వాయిస్త. పాడున్రి."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరూ ఎత్తుకోలేదు. రెండో వరసలో నుంచి ఒక సన్న గొంతు మబ్బమ్మా అంది. అది అర్షీన్ గొంతు. మిగతావాళ్లు అందుకున్నారు. స్టూడియో ట్రాకులో ఉన్న తబలా లేదు, వేణువు లేదు. మూడు కార్డులు, ఒక వరస. ఒకచోట చెయ్యి తప్పింది, పిల్లలు ఆగలేదు. చరణంలో నడిమి వేలు దిగినప్పుడు పిల్లల గొంతులు కూడా ఎవరూ చెప్పకుండానే తగ్గాయి. కిటికీ అవతల సింధుజ నోట్‌బుక్కుల కట్ట పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడింది.

సాయంత్రానికల్లా పిల్లలు ఇళ్లలో చెప్పారు. మరునాడు ఇద్దరు తండ్రులు అరుణ్‌కుమార్‌ను పట్టుకుని, మా ముందు ఉత్త నాటకం ఆడించారా అని నిలదీశారు. ఆయన తహూరాను పిలిచి, ఈసారి నిజంగానే కోపంతో మాట్లాడాడు.

"నీ తప్పు నువ్వు ఒప్పుకుంటె ఒప్పుకున్నవు. మా బడి పరువు తియ్యమని ఎవలన్నరు? నెలాఖరు దాక చెయ్, తర్వాత రాకు." ఆమె లేస్తుంటే వెనక నుంచి మళ్లీ అన్నాడు. "పాపను పరీక్షలు రాసుకోనియ్. గంతవరకు ఏమనను."

సింధుజ తనకు తెలిసిన ఇంకో రెండు బళ్లలో అడిగి చూసింది. ఒకచోట సర్టిఫికెట్ అడిగారు. ఇంకోచోట, యాన్యువల్ డేలో వాయించకుండా కూర్చున్న మేడం ఈమెనా అని అడిగారు. సర్టిఫికెట్ పరీక్ష హైదరాబాదులో ఉంటుందని, తాను సాయం చేస్తానని జోయల్ అన్నాడు. దానికి కట్టాల్సింది తహూరా దగ్గర లేదు. జూన్‌లో అర్షీన్‌ను సర్కారు బడిలో వేయాలని ముజీబూ తహూరా మాట్లాడుకున్నారు. ఆ మాట పిల్లకు ఎవరు చెప్పాలా అని వారం రోజులు ఒకరి మీద ఒకరు పెట్టుకున్నారు. చివరికి అర్షీనే, నాకు తెలుసులే, ఎప్పుడో విన్న అంది.

నెలాఖరు రోజు బడి వదిలాక తల్లీ కూతుళ్లు రోడ్డు పక్కన ఆటో కోసం నిలబడ్డారు. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. చేతిలో పని లేదు. రేపటి నుంచి ఏం చేయాలో తహూరాకు తెలియదు. ఫాల్స్ ఇచ్చే ఇళ్లవాళ్లు కూడా ఈ రెండు నెలల్లో వేరే మనిషిని చూసుకున్నారు. రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"అమ్మీ," అంది అర్షీన్. ఫంక్షన్ రాత్రి తర్వాత ఆ పిల్ల తల్లిని తానై ఏదైనా అడగడం అదే మొదలు. "గా నడిమి వేలు ఎప్పుడు కిందికి దించాల్నో ముందుగాలనే ఎట్ల తెలుస్తది?"

"ముందుగాల తెల్వది. వాయించేటప్పుడు లోపల పాడుకుంట ఉండాలె. గొంతు దిగిన తాన వేలు దించాలె."

"నాకు చూపిస్తవా?"

"చూపిస్త. మిషను మీద గీస్త. చప్పుడైతె రాదు."

"రాకున్నా సరే," అంది అర్షీన్.

ఒక ఆటో నిండా జనంతో వచ్చి ఆగింది. ఒక్కరికే చోటుందని డ్రైవరు అన్నాడు. తహూరా ముందు ఎక్కి, కూతురిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.